ఎంత వదిలారు, ఎంత చేరింది: కణాల్లోకి వెళ్లే నానో మందుల లెక్క

2021 మే నెలలో కరోనా రెండో దశ ఇంకా తగ్గనే లేదు, బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి కన్ను వాచినవాళ్లను, చెంప నల్లబడినవాళ్లను హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ దవాఖానకు పట్టుకెళ్లారు. అప్పట్లో ఈ జబ్బుకు అదే ప్రధాన కేంద్రం. యాంఫోటెరిసిన్-బి అనే నోరు తిరగని పేరు ఆ రోజుల్లో వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరిగింది. ఆ పేరుతో రెండు రకాల ఇంజెక్షన్లు ఉన్నాయని చాలామందికి మందుల షాపు మెట్లెక్కాకే తెలిసింది. మామూలుది వందల్లో దొరుకుతుంది. లైపోజోమల్ అని రాసి ఉన్నది సీసాకు వేలల్లో. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 300 మిల్లీగ్రాములు కావాలి. అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు 6, అదీ వారాల తరబడి.

రెండు సీసాల్లోనూ ఉన్న మందు ఒకటే. మరి రేటులో ఇంత తేడా ఎందుకు?

ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. యాంఫోటెరిసిన్ దాన్ని పట్టుకుని పొరను పాడుచేస్తుంది, ఫంగస్ చస్తుంది. మన కణాల పొరలో ఎర్గోస్టెరాల్ ఉండదు కానీ దానికి దగ్గరి చుట్టం కొలెస్టరాల్ ఉంటుంది. మామూలు మందు దాన్ని కూడా కొంత పట్టుకుంటుంది. ఆ దెబ్బ ముందుగా పడేది కిడ్నీల మీద. లైపోజోమల్ రకంలో ఇదే మందును సన్నటి కొవ్వు బుడగల పొరలో ఇరికించి పెడతారు. ఒక్కో బుడగ 100 నానోమీటర్ల లోపే ఉంటుంది. వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, ఆ మందంలో ఇలాంటి బుడగలు 800 వరుసగా పేర్చవచ్చు. మందు ఆ పొరను వదిలి కిడ్నీ వైపు సులభంగా పోదు. ఫంగస్ తగిలినప్పుడు మాత్రం, ఎర్గోస్టెరాల్ మీద దానికున్న మోజు ఎక్కువ కాబట్టి అటు మారిపోతుంది. మందు మారలేదు, మందు ఎక్కిన బండి మారింది. మనం డబ్బు కట్టింది ఆ బండికి.

ఈ బుడగలు కొత్తవేమీ కావు. కొన్ని కొవ్వు అణువులకు ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస నీటికి దూరం జరుగుతుంది. వాటిని నీళ్లలో వేస్తే రెండు వరుసలుగా సర్దుకుని గుండ్రంగా ముడుచుకుంటాయి. బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ 1960ల్లోనే దీన్ని మైక్రోస్కోపు కింద చూపించాడు. క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్‌ను ఇలాంటి బుడగల్లో నింపిన డాక్సిల్‌కు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు మామూలుగా ఎక్కిస్తే గుండెకు హాని, బుడగలో పెడితే ఆ హాని తగ్గింది. 2005లో పాక్లిటాక్సెల్ అనే మరో క్యాన్సర్ మందును ఆల్బుమిన్ అనే రక్త ప్రొటీన్‌తో కలిపి 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. అంతకుముందు ఆ మందును కరిగించడానికి వాడిన నూనె లాంటి ద్రావకమే చాలామందికి అలర్జీ తెచ్చేది.

ఇంతవరకు చెప్పినవన్నీ తేలిక కేసులు. ఎందుకంటే ఈ మందులకు బండి దిగాక ఇంకొకరి సాయం అక్కర్లేదు. డాక్సోరూబిసిన్ చిన్న అణువు, కణం పొరలోంచి తనంతట తాను దూరిపోతుంది. యాంఫోటెరిసిన్‌కు ఫంగస్ పొర దాకా చేరితే చాలు. అసలు చిక్కు ప్రొటీన్లతో మొదలవుతుంది.

మనం రోజూ చూసే ప్రొటీన్ మందులు తీసుకోండి. షుగర్ పేషెంటు పొట్టకు పొడుచుకునే ఇన్సులిన్ ప్రొటీనే. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు దవాఖానల్లో పాము కాటుకు ఎక్కించే యాంటీవెనం కూడా ప్రొటీనే, గుర్రం రక్తంలో తయారైన యాంటీబాడీలు. రెండూ బాగానే పనిచేస్తాయి. కానీ రెండింటి పనీ కణం బయటే. ఇన్సులిన్ కణం పైనున్న రిసెప్టర్‌ను తాకి కబురు ఇస్తుంది, మిగతా పని కణం చూసుకుంటుంది. యాంటీవెనం రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది. కట్లపాము విషం నరాల కొసలను ఒకసారి దెబ్బతీశాక ఎన్ని సీసాల యాంటీవెనం ఎక్కించినా ఆ దెబ్బ వెనక్కి పోదు. ఆ కొసలు మళ్లీ కోలుకునేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెట్టాల్సిందే. కాటు పడగానే దవాఖానకు పరుగెత్తమనేది ఇందుకే.

కణం లోపలికి ప్రొటీన్ ఎందుకు పోలేదో పరిమాణం చూస్తే అర్థమవుతుంది. పారాసిటమాల్ అణుభారం 151. ఇన్సులిన్‌ది దాదాపు 5,800. యాంటీబాడీది లక్షా యాభై వేల చుట్టుపక్కల. జన్యువులను కత్తిరించే క్యాస్-9 అనే ప్రొటీన్‌ది లక్షా అరవై వేల దగ్గర. కణం పొర మధ్య భాగం నూనె లాంటిది, ఇవేమో పెద్దవి, విద్యుత్ ఆవేశాలు ఉన్నవి. గోడకు గోడే. మనిషి శరీరంలో జబ్బులకు మూలమైన లోపాల్లో చాలా భాగం ఆ గోడకు లోపలే ఉన్నాయి: తప్పు ఉన్న జన్యువు, లేకుండా పోయిన ఎంజైమ్, అదుపు తప్పిన సంకేతాలు. నానో రేణువుల మీద ఇంత పరిశోధన జరుగుతున్నది ఆ గోడ దాటించడానికే.

గోడ దాకా వెళ్లడమే ముందు పెద్ద పని. సూదితో రక్తంలోకి ఎక్కించిన రేణువు ఒంటరిగా ఉండదు. నిమిషాల్లో రక్తంలోని రకరకాల ప్రొటీన్లు దానికి అంటుకుంటాయి. ప్రయోగశాలలో ఎంత శ్రద్ధగా తయారుచేసినా, శరీరం చూసేది ఆ ప్రొటీన్ల పూతనే. ఆ పూతలో అపో-ఇ అనే ప్రొటీన్ ఉంటే కాలేయ కణాలు దాన్ని సొంత కొవ్వు రేణువే అనుకుని లోపలికి లాక్కుంటాయి. కాలేయంలోనే కుఫర్ కణాలనే కాపలా కణాలు కూడా ఉంటాయి, రక్తంలో తేడాగా కనిపించిన ప్రతి రేణువునూ మింగడమే వాటి ఉద్యోగం. తిల్లి (ప్లీహం) కూడా కొంత లాగేస్తుంది. కాబట్టి ఏ అవయవానికి ఉద్దేశించి ఎక్కించినా, ముందుగా కాలేయం తన వాటా తీసుకుంటుంది.

గద్వాల, అలంపూర్ వైపు వాళ్లకు ఇది వివరించడం సులువు. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట దగ్గర నీళ్లు వదులుతారు. కాగితం మీద మన ఆయకట్టు 87,500 ఎకరాలు. పైన వదిలింది ఎంత అన్నది ఒక లెక్క, చివరి ఆయకట్టులో అలంపూర్ రైతు మడికి అందింది ఎంత అన్నది ఇంకో లెక్క. నానో మందుల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది మొదటి లెక్క.

రెండో లెక్కను 2016లో కెనడాలోని టొరంటో పరిశోధకులు బయటపెట్టారు. క్యాన్సర్ గడ్డల రక్తనాళాలు వదులుగా ఉంటాయని, నానో రేణువులు అక్కడ కారి పేరుకుంటాయని 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా చెప్పారు. ఆ ఆశ మీద ముప్పై ఏళ్లు వందల ప్రయోగాలు జరిగాయి. టొరంటో బృందం అప్పటికి పదేళ్లలో వచ్చిన ఫలితాలను ఒకచోట చేర్చి లెక్క కట్టింది. ఎక్కించిన రేణువుల్లో గడ్డ దాకా చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అదీ ఎలుకల్లో. వెయ్యి ఎక్కిస్తే ఏడు. ఈ లెక్క మీద వాదోపవాదాలు జరిగాయి, కొలిచే పద్ధతి మారిస్తే అంకె కొంత పెరుగుతుందన్నవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో ఆ రంగానికి జరిగిన మేలు ఆ అంకె కంటే ఆ ప్రశ్న వల్లే ఎక్కువ. ఆ తర్వాత ‘చేరుతుంది’ అని ఊరికే రాసి ఊరుకోవడం కష్టమైంది.

ఇక గోడ దగ్గరికి చేరిన కొద్ది రేణువుల సంగతి. కణం వాటిని మింగుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు, కణం మింగింది కదా, పని అయిపోయిందని. కాలేదు. కణం మింగినప్పుడు తన పొరనే లోపలికి ముడిచి ఒక సంచిలా చేస్తుంది, దాన్ని ఎండోజోమ్ అంటారు. రేణువు ఆ సంచిలో ఉంది, అంటే ఇంకా పొరకు అవతలే ఉంది. సంచిలో ఆమ్లం పెరుగుతూ పోతుంది. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ; రక్తంలో 7.4 ఉన్న ఆ పీహెచ్ 6 దాకా, తర్వాత 5 దాకా దిగుతుంది. చివరికి ఆ సంచి లైసోజోమ్‌లో కలుస్తుంది, అక్కడి ఎంజైములు ప్రొటీన్లను, జన్యువుల కబురు మోసే ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసి అరిగించేస్తాయి. తప్పించుకోవడానికి ఉన్న గడువు కొన్ని నిమిషాల నుంచి గంటలోపే.

ఈ గండం గట్టెక్కించిన ఉపాయమే ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. మొదట్లో శాస్త్రవేత్తలు ఎప్పుడూ ధనావేశం ఉండే కొవ్వులు వాడారు. అవి కణం పొరను గట్టిగా పట్టుకునేవి కానీ రక్తంలో విషంలా పనిచేసేవి. కెనడాలోని వాంకూవర్‌లో పీటర్ కల్లిస్ బృందం, మరికొందరు కలిసి ఏళ్ల తరబడి వందల కొవ్వులను పరీక్షించి, పరిస్థితిని బట్టి ఆవేశం మారే కొవ్వులను తయారుచేశారు. పీహెచ్ 7.4 దగ్గర, అంటే రక్తంలో, దానికి ఆవేశం దాదాపు ఉండదు, ఎవరినీ ఇబ్బంది పెట్టదు. పీహెచ్ 6.4 చుట్టుపక్కల, అంటే ఎండోజోమ్ లోపల, దానికి ధనావేశం వస్తుంది. ఎండోజోమ్ గోడలో రుణావేశం ఉన్న కొవ్వులుంటాయి. రెండూ అతుక్కుని గోడ అమరిక చెదురుతుంది, సరుకు బయటపడుతుంది. రేణువును అరిగించడానికి కణం పెంచిన ఆమ్లమే దానికి తలుపు తీసిందన్నమాట. దీనికి తోడు కొలెస్టరాల్, ఫాస్ఫోలిపిడ్, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా పైన పెగ్ (పీఈజీ) అనే పాలిమర్ పూత ఉన్న కొవ్వు. మొత్తం నాలుగు రకాల కొవ్వులు. 2018 ఆగస్టులో అమెరికా అనుమతి పొందిన పాటిసిరాన్ ఈ పద్ధతిలో వచ్చిన మొదటి ఆర్‌ఎన్‌ఏ మందు. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ పేరుకుపోయే వంశపారంపర్య నరాల జబ్బుకు మూడు వారాలకోసారి ఎక్కిస్తారు.

ఇంత చేసినా బయటపడేది ఎంత? 2013లో కొలిచి చూస్తే, కణం మింగిన చిన్న ఆర్‌ఎన్‌ఏలో (పాటిసిరాన్‌లో ఉన్నట్టు, ఒక ప్రొటీన్ తయారీని ఆపే రకం) ఎండోజోమ్ దాటింది 1 నుంచి 2 శాతం. మిగతాదంతా అరిగిపోయింది.

అయినా మందు పనిచేసింది, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏకు కొద్దిగా చాలు. ప్రొటీన్ తయారీ సమాచారం ఉండే రకాన్ని ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ అంటారు; బయటపడిన అలాంటి ఒక్క పోగును చదివి కణం వందల, వేల ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ పరాయిదని కణం గోల చేయకుండా అందులో ఒక అక్షరాన్ని మార్చే కిటుకును కనిపెట్టినందుకే కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ వచ్చింది. ప్రొటీన్‌కు ఆ వెసులుబాటు లేదు. లోపలికి వెళ్లిన ప్రొటీన్ ఒకటైతే ఒకటే. అందుకే ప్రొటీన్‌ను నేరుగా పంపేవాళ్లు ఎంజైములను ఎంచుకుంటారు, ముఖ్యంగా జన్యువును దిద్దే ఎంజైములను. ఒక్కసారి దిద్దితే దిద్దుబాటు నిలిచిపోతుంది, ఎంజైమ్ తర్వాత అరిగిపోయినా నష్టం లేదు. నిజానికి అరిగిపోతేనే మంచిది, ఎక్కువసేపు తిరిగితే అక్కర్లేని చోట కూడా కత్తి పెడుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. టీకాలో ‘నానో’ ఏదో కలిపారని మన ఊళ్లలో చాలా ప్రచారం జరిగింది. పాలమూరు, నల్లగొండ పీహెచ్‌సీల్లో వేసినవాటిలో ఎక్కువ భాగం కోవిషీల్డ్, కోవాగ్జిన్. ఈ కొవ్వు రేణువులు రెండింటిలోనూ లేవు. అవి ఉన్నది ఫైజర్, మోడెర్నా టీకాల్లో, అవి మన పీహెచ్‌సీల దాకా రానేలేదు. పుణెలోని జెనోవా తయారుచేసిన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకాకు 2022 జూన్‌లో అనుమతి వచ్చింది. ఫైజర్ టీకాకు మొదట్లో మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. జెనోవా వాళ్లు దాన్ని పొడిగా ఆరబెట్టి 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలిచేలా చేశారు. అమ్రాబాద్ లాంటి చోట పీహెచ్‌సీలో పిల్లల టీకాలు దాచే ఐస్ ఫ్రిజ్ చాలు. ఎండాకాలం 44 డిగ్రీలు దాటే మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు.

నానో పేరుతో మన రైతుకు బాగా తెలిసింది యూరియా సీసా. అది వేరే శాస్త్రం, కానీ అదే లెక్క అక్కడా వేయొచ్చు. మొదట వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోలకు పైగా. వెయ్యి రెట్ల తేడాను సైజు ఒక్కటే పూడ్చాలంటే చాలా గట్టి రుజువు కావాలి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పొలాల్లో వరి, గోధుమ దిగుబడులు తగ్గాయి కూడా. రేణువు చిన్నదైతే దూరే చోట్లు పెరుగుతాయి, సరుకు మాత్రం పెరగదు.

మళ్లీ కణం దగ్గరికి వద్దాం. ప్రొటీన్‌ను పంపడంలో ఇప్పుడు రెండు దారులు పోటీ పడుతున్నాయి. ఒకటి, ప్రొటీన్ తయారీ సమాచారాన్ని ఎమ్‌ఆర్‌ఎన్‌ఏగా పంపి కణం చేతనే చేయించుకోవడం. 2021లో ఇంటెలియా అనే సంస్థ క్యాస్-9 సమాచారాన్ని కొవ్వు రేణువుల్లో పెట్టి, పైన చెప్పిన ట్రాన్స్‌థైరెటిన్ జబ్బున్న ఆరుగురికి ఎక్కించింది. ఎక్కువ డోసు తీసుకున్న ముగ్గురిలో 28 రోజులకు చెడ్డ ప్రొటీన్ సగటున 87 శాతం తగ్గింది. 2025లో ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో, రక్తంలో అమ్మోనియా పేరుకుపోయే అరుదైన లోపంతో పుట్టిన పసివాడికి, వాడి ఒక్కడి కోసమే తయారుచేసిన దిద్దుబాటు మందును ఇదే పద్ధతిలో ఎక్కించారు. ఒకటి కంటే ఎక్కువ డోసులు ఇవ్వగలిగారు. వైరస్‌ను బండిగా వాడితే అది కుదరదు, మొదటి డోసుకే శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అన్నీ శుభవార్తలే కావు. 2025 అక్టోబరులో ఇంటెలియా మందు పెద్ద ట్రయల్స్‌లో ఒక పేషెంటు కాలేయం తీవ్రంగా దెబ్బతినడంతో వాటిని ఆపాల్సి వచ్చింది.

రెండో దారి, ప్రొటీన్‌నే నేరుగా మోయించడం. అమెరికాలో డేవిడ్ లియూ బృందం 2022లో, వైరస్ పెంకును మాత్రం ఉంచి లోపలి జన్యువులు తీసేసి, వాటి చోట దిద్దుబాటు ప్రొటీన్లు నింపింది. ఇంకా విచిత్రమైనది 2023లో ఫెంగ్ జాంగ్ ప్రయోగశాల నుంచి వచ్చింది. వేరుశనగలో వేరు పురుగును చంపడానికి వదిలే సన్నటి నులిపురుగులు కొన్ని ఉన్నాయి. వాటి పేగుల్లో ఉండే ఫోటోరాబ్డస్ జాతి బ్యాక్టీరియా సూది లాంటి ఒక యంత్రంతో కీటకాల కణాల్లోకి ప్రొటీన్ పొడుస్తుంది. జాంగ్ బృందం ఆ సూది కొసన ఉండే పట్టుకొయ్యలను కంప్యూటర్ సాయంతో మార్చి, మనిషి కణాలను పట్టుకునేలా చేసింది, బతికున్న ఎలుకల మెదడు కణాల్లోకి కూడా ప్రొటీన్ పంపింది. ఇది కణం పొరనే పొడిచి సరుకును లోపల వదులుతుంది. అయితే బ్యాక్టీరియా నుంచి వచ్చిన వస్తువును మన రోగనిరోధక వ్యవస్థ రెండోసారి ఎలా చూస్తుందన్నది తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న.

కాలేయానికే అయితే అసలు నానో రేణువే అక్కర్లేకపోవచ్చు. చిన్న ఆర్‌ఎన్‌ఏకు ఒక చక్కెర తోక తగిలిస్తే కాలేయ కణం దాన్ని గుర్తుపట్టి తీసుకుంటుంది. కొలెస్టరాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ ఆ రకమే, ఆరు నెలలకో సూది. కాబట్టి రేణువుల అసలు పరీక్ష కాలేయం అవతల ఉంది. 2020లో డేనియల్ సీగ్‌వర్ట్ బృందం నాలుగు కొవ్వులకు ఐదోది కలిపింది. అది ధనావేశం ఉన్నదైతే రేణువులు ఊపిరితిత్తులకు, రుణావేశం ఉన్నదైతే తిల్లికి ఎక్కువగా పోయాయి, ఎలుకల్లో.

మన ప్రాంతానికి నేరుగా పనికొచ్చేది ఎముక మజ్జ. ఎర్రరక్తకణాలు సరిగా తయారుకాని థలసీమియా అనే వంశపారంపర్య జబ్బు ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దానికోసం బస్సెక్కి హైదరాబాద్ పోయి వచ్చే తల్లిదండ్రులు నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉన్నారు. ఈ జబ్బుకు క్రిస్పర్ (క్యాస్-9తో జన్యువును కత్తిరించి దిద్దే పద్ధతి) చికిత్స క్యాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్, 2024 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చాయి. అందులో రక్తకణాలను పుట్టించే మజ్జ మూలకణాలను బయటికి తీసి, దిద్ది, ఉన్న మజ్జను కీమోతో ఖాళీ చేసి, మళ్లీ ఎక్కిస్తారు. ధర 22 లక్షల డాలర్లు. అదే పని ఒక సూదితో శరీరం లోపలే జరగాలంటే రేణువు కాలేయాన్ని తప్పించుకుని మజ్జలోని మూలకణాలను వెతుక్కోవాలి. 2023లో అమెరికా పరిశోధకులు కొవ్వు రేణువుల మీద, మూలకణాల పైనుండే సీడీ-117 అనే గుర్తును పట్టుకునే యాంటీబాడీలను అతికించి, ఎలుకల్లో ఆ కణాల దాకా ఎమ్‌ఆర్‌ఎన్‌ఏను చేర్చారు. ఇక్కడ ఒక అనుకూలం ఉంది. మజ్జ అంతా బాగుపడనక్కర్లేదు. మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లలో దాత కణాలు ఐదో వంతు నిలిచినా ఆరోగ్యకరమైన ఎర్రకణాలే రక్తంలో ఎక్కువవుతాయని డాక్టర్లు చూశారు, ఎందుకంటే జబ్బు కణాలు తొందరగా చస్తాయి. కాబట్టి ఈ జబ్బులో చేరవలసిన వాటా నూటికి నూరు కాదు, నూటికి ఇరవై దగ్గర.